తల్లి పందికి పెట్టిన ఐరన్ పిల్లకి ఎందుకు చేరదు? ఈతకి ముందు, తర్వాత దాణా లెక్క

ఈ టాపిక్ వినగానే కొంతమంది నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. కానీ శంషాబాద్ చుట్టుపక్కల షెడ్డు వేసి పందులు పెంచుదాం అనుకునే కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, ఈనే పందికి ఏ సప్లిమెంట్ పెడితే పిల్లలు బాగా ఎదుగుతాయి?"

నేను బీటెక్ చదివి కోడ్ రాసినవాడిని, పశువుల డాక్టర్ని కాదు. అందుకే బ్రాండ్ పేర్లు చెప్పను. దాని బదులు ఒక ప్రశ్న ఇస్తా. ఏ డబ్బా చేతిలోకి తీసుకున్నా ఇదే అడగండి: తల్లి ఇది తింటే, పాల ద్వారా పిల్లకి చేరుతుందా, చేరదా? సగం డబ్బు అక్కడే మిగులుతుంది.

ముందు మన ఏరియా సంగతి చూద్దాం. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్ మొదలైంది. తర్వాత పొలాలు ప్లాట్లయ్యాయి, హోటళ్లు పెరిగాయి, పందులు తిరిగే ఖాళీ జాగా తగ్గింది. పైగా 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో 91వ రూల్ ఒకటుంది. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించే చెత్త, హోటల్ వ్యర్థాలు బయట పారేయకూడదు. పశువుల్ని కోయకూడదు కూడా. పక్షి వచ్చి విమానం ఇంజిన్‌కి తగిలితే ఏమవుతుందో మీకు తెలుసు. అంటే హోటల్ వేస్ట్ కుప్పపోసి ఆరుబయట పందుల్ని మేపడం ఇక్కడ కుదరదు. పెంచాలంటే మూసిన షెడ్డు, సిమెంట్ గచ్చు కావాల్సిందే.

అసలు సమస్య ఆ గచ్చుతోనే మొదలవుతుంది. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా పెంచిన నాటు పంది మట్టిని మూతితో తవ్వుకుంటూ తిరిగేది. దాని పిల్లలకి ఐరన్ ఆ మట్టిలోంచే దొరికేది. ఎవరూ కొనక్కర్లేదు, ఎవరూ లెక్క రాయక్కర్లేదు. గచ్చు మీద పుట్టిన పిల్లకి ఆ మట్టి లేదు.

లెక్క చూడండి. పంది పిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో సుమారు 50 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది ఎదిగే స్పీడుకి రోజుకి దాదాపు 7 మిల్లీగ్రాములు కావాలి. తల్లి పాలల్లో వచ్చేది రోజుకి ఒక మిల్లీగ్రాము. మూడు వారాలకి కావాల్సింది 147, పాలల్లో వచ్చేది 21. ఉన్న నిల్వ మొత్తం వాడేసినా ఇంకా 76 తక్కువ. అందుకే వారం, పది రోజులు తిరిగేసరికి పిల్లలు తెల్లగా పాలిపోతాయి, ఆయాసపడతాయి, ఎదగవు. కొన్ని చచ్చిపోతాయి.

"అయితే తల్లికే ఐరన్ టానిక్ ఎక్కువ పోద్దాం" అంటారు. కుదరదు. తల్లి ఎంత ఐరన్ తిన్నా పాలల్లో ఐరన్ పెద్దగా పెరగదు. అందుకే పుట్టిన మూడు రోజుల్లోపు పిల్లకే ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజెక్షన్ చేయిస్తారు. మామూలుగా 200 మిల్లీగ్రాములు. డోసు, చోటు డాక్టర్ చూసుకుంటారు. "తల్లికి పెడితే పిల్లల రక్తహీనత పోతుంది" అని రాసిన డబ్బా కనిపిస్తే షాపులోనే వదిలేసి రండి.

రెండోది కాల్షియం. ఇది ఇంకో రకం. పిల్ల కిలో పెరగాలంటే సుమారు 4 లీటర్ల పాలు తాగాలి. పది పిల్లలు రోజుకి 200 గ్రాముల చొప్పున పెరిగితే, తల్లి రోజుకి 8 లీటర్ల పాలివ్వాలి. లీటరుకి దాదాపు 2 గ్రాముల చొప్పున 16 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది. తవుడులో కాల్షియం 0.1 శాతం లోపే. ఐదు కిలోల తవుడు తిన్నా 5 గ్రాములు రాదు. మరి మిగతాది ఎక్కడినుంచి వస్తుంది? తల్లి ఎముకల్లోంచి. పిల్లలకి ఇప్పుడు తేడా కనపడదు. కాళ్లు లాగేది తల్లికి, దెబ్బ పడేది తర్వాతి ఈతకి. కాబట్టి మినరల్ మిక్చర్ ఖర్చు దండగ కాదు. పాలిచ్చే పంది దాణాలో కాల్షియం 0.8 నుంచి 0.9 శాతం ఉండేలా కలపాలి.

మాంసకృత్తులదీ అదే కథ. మొక్కజొన్న, తవుడులో లైసిన్ తక్కువ. సోయా చెక్క ఆ లోటు తీరుస్తుంది. లేకపోతే తల్లి తన కండ కరిగించుకుని పాలిస్తుంది.

మూడోది, నిజంగా పాల ద్వారా చేరేవి. ఈతకి ముందు వారం, పాలిచ్చే రోజుల్లో దాణాలో నూనె కలిపితే పాలల్లో కొవ్వు పెరుగుతుంది, బలహీనంగా పుట్టిన పిల్లలకి పనికొస్తుంది. విటమిన్ ఇ, సెలీనియం కూడా పాలల్లోకి వెళ్తాయి. కానీ చెడు కూడా ఆ దారిలోనే వెళ్తుంది. బూజు పట్టిన వేరుశనగ చెక్క పెడితే, అందులోని అఫ్లాటాక్సిన్ తల్లి పాలల్లో పిల్లలకి చేరుతుంది. చవగ్గా వచ్చిందని బూజు చెక్క తేవద్దు.

ఇక ఈత రోజు. పంది చూడి దాదాపు 114 రోజులు, మన పెద్దోళ్ల లెక్కలో మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. ఆ రోజు పస్తు పెట్టడం చాలాచోట్ల అలవాటు. డెన్మార్క్‌లో ఆర్హస్ యూనివర్సిటీ వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధన వేరేలా చెప్తోంది. ఆఖరిసారి తిని మూడు గంటల్లోపు ఈత మొదలైన పందులు సుమారు నాలుగు గంటల్లో ఈనాయి. తిని ఆరు గంటలు దాటినవాటికి అంతకి రెట్టింపు పైనే పట్టింది. ఈత సాగేకొద్దీ కడుపులోనే చచ్చే పిల్లలు పెరుగుతాయి. కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి. మలబద్ధకం రాకుండా ముందు వారంలోనే పీచు పెంచండి. నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పాలిచ్చే పంది రోజుకి 20 నుంచి 30 లీటర్లు తాగుతుంది.

పుట్టాక ముర్రుపాలు. పంది పిల్లకి తల్లి కడుపులో రోగనిరోధక శక్తి అందదు. మొదటి 24 గంటల్లో తాగే ముర్రుపాలే దిక్కు, కనీసం 250 గ్రాములు. ఆ తర్వాత పేగు ఆ దారి మూసేస్తుంది. చలికి వణికే పిల్ల చన్ను దాకా పోలేదు. కాబట్టి డిసెంబర్ రాత్రుల్లో పిల్లలున్న మూలలో బల్బు వేసి 32 నుంచి 34 డిగ్రీల వేడి ఉంచండి. ఏ సప్లిమెంట్ అయినా దాని తర్వాతే.

పది, పద్నాలుగు రోజులకి పిల్లల దాణా కొద్దికొద్దిగా అలవాటు చేయండి. మూడు, నాలుగు వారాల తర్వాత తల్లి పాలు ఇంక పెరగవు, పిల్లల ఆకలి మాత్రం ఆగదు. "త్వరగా బరువు" పేరుతో యాంటీబయాటిక్ కలిపిన పొడులు మాత్రం వద్దు. మనుషులకి ఆఖరి మందుల్లో ఒకటైన కొలిస్టిన్‌ని పశువులకి వాడకుండా కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ఎందుకో ఆలోచించండి. హోటల్ వేస్ట్ వాడితే కనీసం అరగంట బాగా మరిగించండి. 2020 నుంచి మన దేశంలో ఉన్న ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కి చికిత్స లేదు. పచ్చి పంది మాంసం ముక్క ఒక్కటి చాలు, షెడ్డు ఖాళీ.

ఇదీ లెక్క. తల్లికి కాల్షియం, సోయా, కొంచెం నూనె, బోలెడు నీళ్లు. పిల్లకి ముర్రుపాలు, వెచ్చదనం, ఐరన్ సూది. మీ దాణా ఫార్ములా రాసుకుని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి వెళ్లి ఒకసారి చూపించండి, శంషాబాద్ నుంచి దగ్గరే. డబ్బా కొనేముందు ఆ పని చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.