దీర్ఘ గ్రంథములందు లంకెలు : పోవుట, తిరిగి వచ్చుట

శాస్త్ర గ్రంథమునకు పూర్వాపర నిర్దేశము ప్రాణము వంటిది. ‘ఈ విషయము లోగడ చెప్పబడినది’, ‘దీనిని మూడవ ప్రకరణమున చూడుడు’ అను వాక్యములు లేని పరిశోధన గ్రంథము అరుదు. అట్టి వాక్యమును నమ్మి పాఠకుడు ఆ చోటికి పోగా అచ్చట ఆ విషయము లేకున్నచో, వాదమునందు దోషము లేకపోయినను రచయితయెడ విశ్వాసము సడలును.

కొన్ని యేండ్ల క్రిందట పరీక్షకై నా యొద్దకు వచ్చిన యొక సిద్ధాంత వ్యాసమున నాకిట్టి అనుభవము కలిగినది. ధ్వని పరిణామమునకు మూడవ ప్రకరణము చూడుడని పలుచోట్ల గలదు. పోయి చూడగా అచ్చట క్రియారూపముల చర్చ కనబడినది. విచారింపగా తెలిసిన దేమనగా, రచయిత చివరి దశలో రెండవ ప్రకరణమును తీసి నాల్గవదిగా నుంచెను. దానితో మూడవది రెండవదియు, నాల్గవది మూడవదియు నైనవి. చేతితో వ్రాసిన సూచనలు మాత్రము పాత సంఖ్యలనే చూపుచుండెను. ఆ పరిశోధకుని శ్రమ గొప్పది, సామగ్రి విలువైనది. అయినను మౌఖిక పరీక్షలో చాల కాలము ఈ తప్పులకే వ్యయమైనది. ఈ నష్టమును నివారించు సాధనము ఆయన ఉపయోగించిన వర్డ్ ప్రాసెసర్‌లోనే యుండెను. దానిని వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

1. పుటయా, స్థానమా?

సూచన రెండు విధములు. పుట సంఖ్యను చెప్పునది యొకటి. గ్రంథమునందలి స్థానమును చెప్పునది రెండవది. పుట మారును, స్థానము మారదు. భారత పద్యమును పేర్కొనునపుడు మనము పర్వమును, ఆశ్వాసమును, పద్య సంఖ్యను చెప్పుదుము. పాణినీయ సూత్రమును అధ్యాయ, పాద, సూత్ర సంఖ్యలతో గుర్తింతుము. ఏ ముద్రణాలయము అచ్చువేసినను, తాళపత్ర ప్రతిలో ఎన్నవ పత్రమున నున్నను ఆ సంఖ్యలు చెల్లును. నిఘంటువులో ‘చూ.’ అని వ్రాసి వేరొక పదమును చూపుటయు ఈ రెండవ పద్ధతియే. అచ్చట చూపబడునది పుట కాదు, ఆరోపము.

వర్డ్ ప్రాసెసర్‌లోని లంకె ఈ సంప్రదాయమునకు చెందినదే. హైపర్‌టెక్స్ట్ అను పేరును టెడ్ నెల్సన్ 1965లో ప్రయోగించెను. అంతకు పూర్వము 1945లోనే వానెవార్ బుష్, చదువరి తాను పోయిన దారులను భద్రపరచుకొనగల యంత్రము నొకదానిని ఊహించి వ్రాసెను. లంకె యనగా పోవు దారి మాత్రమే కాదు, తిరిగి రాగల దారి కూడ నని ఆ తొలి యూహయందే కలదు. మన పరిశోధకులు మొదటి భాగమునే గ్రహించి రెండవ దానిని మరచుచున్నారు.

2. లంకె నిర్మాణము

ప్రతి లంకెకు రెండంగములు కలవు: కంటికి కనబడు మాట, అది చూపు గమ్యము. గ్రంథములోపలి గమ్యము ముఖ్యముగా శీర్షిక గాని బుక్‌మార్క్ గాని యగును. శీర్షికను పెద్ద అక్షరములతో ముద్దగా వ్రాసినంత మాత్రమున అది యంత్రమునకు శీర్షిక కాదు. ‘హెడింగ్ 1’, ‘హెడింగ్ 2’ అను శైలులను దానికి ఈయవలెను. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో కంట్రోల్, ఆల్ట్, 1 అను మీటలను కలిపి నొక్కిన మొదటి శైలి వచ్చును. ఈ యొక్క పని చేసినచో విషయసూచిక, నావిగేషన్ పేన్, లంకెలు అన్నియు దానిపై నిలుచును. చేయనిచో వేటికిని ఆధారము లేదు.

శీర్షిక లేని చోట, ఉదాహరణమునకు ఒక శాసన పాఠమునందలి పంక్తిని చూపవలసినపుడు, బుక్‌మార్క్ నుంచవలెను. అది పుటపై కనబడని గుర్తు. దాని చుట్టు పాఠము పెరిగినను తరిగినను అది తన మాటను విడువదు.

లంకె వేయుటకు రెండు మార్గములు కలవు. వీని భేదము ముఖ్యము. కంట్రోల్, కె మీటలతో వేయు లంకె గమ్యమునకు తీసికొనిపోవును గాని, దాని కనబడు మాట మారదు. ప్రకరణ సంఖ్య మారినను ‘3’ అని వ్రాసినది ‘3’గానే యుండును. రెండవది క్రాస్ రిఫరెన్స్. ఇందు శీర్షిక సంఖ్యను, శీర్షిక పాఠమును, పుట సంఖ్యను యంత్రమే తెచ్చి వ్రాయును; గమ్యము కదలినపుడు సంఖ్యను సవరించును. శీర్షికల సంఖ్యలు యంత్రము వేసినవై యుండుట ఇందుకు అవసరము. పరిశోధన గ్రంథమునకు ఈ రెండవదే తగినది. పైన చెప్పిన సిద్ధాంత వ్యాసమున ఇది యున్నచో ఆ రచయిత తలవంచవలసి వచ్చెడిది కాదు.

3. పోవుట, తిరిగి వచ్చుట

వర్డ్‌లో కంట్రోల్ మీటను నొక్కిపట్టి లంకెపై క్లిక్ చేసిన గమ్యమును చేరుదుము. లిబ్రెఆఫీస్ రైటర్‌లోను ఇంతే. ఇంతవరకు అందరెరిగినదే. 212వ పుటనుండి 35వ పుటకు పోయినవాడు మరల 212వ పుటకు వచ్చుటయే కష్టము. చాలమంది పుటలను వరుసగా త్రిప్పుచు వెదకుదురు. అంతలో ఆలోచనాసూత్రము తెగిపోవును.

విండోస్‌పై నడచు వర్డ్‌లో ఆల్ట్ మీటతో ఎడమ బాణపు మీటను నొక్కిన, లంకెపై క్లిక్ చేసిన చోటికే తిరిగి వత్తుము. కుడి బాణముతో నొక్కిన మరల గమ్యమునకు పోవుదుము. షిఫ్ట్, ఎఫ్5 మీటల పని వేరు: అవి మనము ఇటీవల పాఠమును దిద్దిన చోట్లకు తీసికొనిపోవును. మొదటిది చదువరికి, రెండవది రచయితకు ఉపకరించును. రెండు చోట్లను ఒకేసారి చూడవలెనన్న ‘స్ప్లిట్’ అను ఆజ్ఞతో కిటికీని రెండుగా చీల్చి, పైభాగమున ఒక ప్రకరణమును క్రిందిభాగమున మరొకదానిని ఉంచుకొనవచ్చును. పాఠాంతరములను పోల్చువారికి ఇది మిక్కిలి అనుకూలము.

వర్డ్‌లో నావిగేషన్ పేన్, రైటర్‌లో ఎఫ్5 మీటతో తెరచుకొను నావిగేటర్, గ్రంథపు శీర్షికలన్నిటిని ప్రక్కన వరుసగా చూపును. అందు శీర్షికను పట్టి లాగి ప్రకరణమును మొత్తముగా వేరొక చోటికి జరుపవచ్చును.

4. భారతీయ భాషలకు ప్రత్యేకమైన చిక్కులు

మొదటి చిక్కు లిపికి సంబంధించినది. యూనికోడ్‌కు పూర్వపు ఫాంట్లతో కూర్చిన గ్రంథమున లోపలి సంకేతములు రోమన్ అక్షరములవి. ఫాంట్ వాటికి తెలుగు రూపము తొడుగును. నావిగేషన్ పేన్ తన సొంత ఫాంట్‌తో శీర్షికలను చూపును గనుక, అచ్చట అర్థము లేని రోమన్ అక్షరములే కనబడును. పాత గ్రంథమునకు లంకెలు వేయదలచినవారు ముందుగా దానిని యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను.

రెండవది వ్యాకరణమునకు సంబంధించినది. పండితులు దీనిని గమనింపదగును. యంత్రము శీర్షిక పాఠమును ప్రథమా విభక్తిలో నున్నదున్నట్లు తెచ్చును. ‘క్రియలు’ అను శీర్షికకు ద్వితీయ చేర్చిన ‘క్రియలను’ కావలెను. కాని లంకె ప్రక్క ‘ను’ వ్రాసినచో ‘క్రియలును’ అని యగును; అర్థమే మారిపోవును. తమిళమున ‘ఇలక్కణం’ అనునది ‘ఇలక్కణత్తిల్’ కావలెను. హిందీలో ‘ఢాంచా’ అనునది ‘ఢాంచే మే’ కావలెను. మరాఠీలో సామాన్య రూపమని చెప్పబడునదియు ఇట్టిదే. విభక్తికి ముందు ప్రాతిపదిక మారు భాషలన్నిటికి ఈ బాధ తప్పదు. లంకెలోని అక్షరములను చేతితో దిద్దుట పరిష్కారము కాదు. యంత్రము మరల సవరించినపుడు ఆ దిద్దుబాటు తుడిచిపోవును. కావున లంకెలో సంఖ్యను మాత్రమే తెప్పించి, నామమును దాని వెలుపల మనమే వ్రాయవలెను: ‘4.2వ విభాగమును చూడుడు’ అనునపుడు ‘4.2’ మాత్రము లంకె, తక్కినది మన భాష. లేదా ‘క్రియలు’ అను ప్రకరణమున’ అని, శీర్షికను ఉద్ధరణ చిహ్నములలో నుంచి ‘అను’ శబ్దముతో కలుపవలెను. మన భాషలో ‘అను’ ఇట్టి యక్కరకే యున్నది.

5. సమర్పణమునకు ముందు

క్రాస్ రిఫరెన్సులు వెంటనే తమంతట తాము మారవు. కంట్రోల్, ఎ మీటలతో పాఠమంతటిని ఎన్నుకొని ఎఫ్9 నొక్కవలెను. ఇందొక మెలకువ కలదు. అట్లు చేసినను అధోజ్ఞాపికలు ఎన్నికలోనికి రావు. ఒక అధోజ్ఞాపికలో కర్సర్‌ను ఉంచి మరల అదే పని చేయవలెను. మన పరిశోధకుల సూచనలలో చాల భాగము అధోజ్ఞాపికలలోనే యుండును గనుక, ఈ రెండవ సవరణ మరచినవారి గ్రంథమున పైన సరియైన సంఖ్యలును, క్రింద తప్పు సంఖ్యలును నిలుచును.

సవరించిన పిదప ‘ఎర్రర్’ అను మాటకై గ్రంథమంతయు వెదకవలెను. గమ్యమైన శీర్షికను తుడిచి క్రొత్తగా వ్రాసినచో దానితోపాటు అదృశ్యమైన గుర్తు కూడ పోవును, ‘ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్’ అను వాక్యము సూచన స్థానమున వెలయును. శీర్షికను మార్చవలసినపుడు మొత్తము తుడువక, లోపలి అక్షరములను దిద్దుట మేలు.

పి.డి.ఎఫ్.గా మార్చునపుడు ముద్రణాజ్ఞ ద్వారా గాక, ‘సేవ్ యాజ్’ ద్వారా మార్చి, శీర్షికలనుండి బుక్‌మార్కులు చేయు ఎంపికను గుర్తింపవలెను. ముద్రణాజ్ఞతో చేసినచో లంకెలు సాధారణముగా నశించును. ఇక కాగితముపై ఏ లంకెయు పనిచేయదు. పరీక్షకులలో అచ్చుప్రతినే చదువువారు నేటికిని కలరు. కావున ముఖ్యమైన సూచనలందు విభాగ సంఖ్యతోపాటు పుట సంఖ్యను కూడ క్రాస్ రిఫరెన్స్‌గానే చేర్చుట ఉచితము.

ఈ పనులు నేర్చుటకు ఒక పూట చాలును. అయినను వీనిని వ్యాసము ముగిసిన పిమ్మట గాక, మొదటి ప్రకరణము వ్రాయుచున్న నాడే ఆరంభింపవలెను. ‘చూడుడు’ అని వ్రాయుట పాఠకునకు మాట యిచ్చుట; ఆ మాటను చివరి ప్రతి వరకు నిలుపుకొనుట పరిశోధకుని ధర్మము.