గంట మ్రోగియు మాట వినబడనిచో

మా తమ్ముడు అమెరికాలో నున్నాడు. ఆదివారమునాడు ఇంటర్నెట్టు టెలిఫోనులో మా నాయనగారితో మాటలాడుట వాని వాడుక. ఒక ఆదివారము గంట మ్రోగినది. నాయనగారు ఎత్తి పలుమారు పిలిచిరి, బదులు వినబడలేదు. "వాడికి నాతో మాట్లాడాలని లేదురా" అని నొచ్చుకొని పెట్టివేసిరి. తమ్మునికి మాత్రము ఆయన పలుకు స్పష్టముగా వినబడినదట. తప్పు వానిది కాదు, నాది. అదెట్లో విన్నవించెదను.

ఇంటికిని బయటి వలకును నడుమ గేట్‌వే యను పెట్టె యుండును. వచ్చుపోవు సమాచారమును పరీక్షించి, కొంత వదలి, కొంత ఆపు దాని కాపుదలకు ఫైర్‌వాల్ అని పేరు. మనము వ్రాసియిచ్చిన నిబంధనల పట్టికను బట్టి అది నడచును. ఆ గోడకు సంఖ్యలు గల తలుపులుండును, వానిని పోర్టులందురు.

ఇంటర్నెట్టు పిలుపునకు త్రోవలు రెండు. పిలుపు వచ్చినదను కబురు సిప్ అను పద్ధతిని, సాధారణముగా 5060వ పోర్టున వచ్చును. మాట వేరు త్రోవను, సెకనుకు సుమారు 50 తునకలై, పిలుపు పిలుపునకు మారు పోర్టులలో వచ్చును. మా పెట్టెలో వానికి 10000 మొదలు 20000 వరకు ఏర్పరచితిని. గంట మ్రోగుట మొదటి త్రోవ తెరచియున్నదనుటకే సాక్ష్యము, రెండవదానికి కాదు.

ఆ రాత్రి తమ్ముని మరల పిలువుమని, ప్రతి నిబంధన ప్రక్కనుండు లెక్కను చూచితిని. మాటను రానిమ్మను నిబంధన యెదుట సున్నయే. "తక్కినదెల్ల ఆపుము" అను దాని యెదుట లెక్క పెరుగుచుండెను. కారణము తెలిసినది. మా ఫైర్‌వాల్ పట్టికను పైనుండి చదువుచు, మొదట సరిపడిన నిబంధననే అమలుపరచును, తరువాతివి చూడదు. ముందటి వారము పట్టికను తిరుగవ్రాయుచు, నేను అనుమతిని నిషేధమునకు క్రింద వ్రాసితిని. నాయనగారి పలుకు లోపలినుండి పోవునది గనుక దానికి అడ్డు లేకపోయెను.

ఒక మిత్రుడు ఫైర్‌వాల్‌నే తీసివేయుమనెను. చుట్టము రాలేదని ఎవడైన ప్రహరి పడగొట్టుకొనునా? అట్లు చేసినచో పరులు జొరబడి, మన ఖాతాపై విదేశములకు పిలుపులు చేసి, రుసుము మన నెత్తిన వేయగలరు. కావున అనుమతిని నిషేధమునకు పైకి జరిపి, టెలిఫోను సేవవారి చిరునామాలకే పరిమితము చేసితిని. వేరేమియు మార్చలేదు, ఒకటొకటిగా మార్చిననే ఏది మందో తెలియును.

మరల గంట మ్రోగినది. "ఏరా, భోజనం చేశావా?" అని నాయనగారడిగిరి. ఈ మారు బదులు వినబడినది.

అయ్యలారా! మీ యింట మాట ఒకవైపే వినబడినచో, బిడ్డలను తప్పుపట్టకముందు నిబంధనల పట్టికను చూపించుడు.