ఫుట్‌బాలు ఆటయు, ధనమను గాలియు

ఫుట్‌బాలు ఆటలో న్యాయమునకు గుర్తుగా ఒక చక్కని నియమము గలదు. సగము ఆట ముగియగానే రెండు పక్షములవారును దిక్కులు మార్చుకొందురు. మొదటి సగమున ఎవరి కన్నులలో ఎండపడెనో, ఎవరికి గాలి యెదురయ్యెనో, రెండవ సగమున ఆ కష్టము ఎదిరివారికి గలుగును. ఇరుప్రక్కలను పదునొకండుగురే, బంతి యొక్కటే, గోలుస్తంభముల నడిమి వెడల్పును సమానమే. మన పాఠశాల మైదానమున ఆడు బాలురందఱును ఈ సంగతి నెఱుగుదురు. కాని ఐరోపాఖండమందలి పెద్ద క్లబ్బుల ఆటలో మైదానమునకు వెలుపల మఱియొక గాలి వీచుచున్నది. అది ధనమను గాలి. సగమాట కాగానే దాని దిక్కు మారదు. అది యెట్లు బలపడినదో, దాని నడ్డుటకు ఏయే యత్నములు జరిగినవో కొంచెము తెలిసికొందము.

ఇంగ్లండు దేశమున 1888వ సంవత్సరమున పండ్రెండు క్లబ్బులు గూడి ఫుట్‌బాలు లీగును స్థాపించెను. వానిలో పెక్కు నూలుమిల్లులును కర్మాగారములును గల పట్టణములవి. శనివారము మధ్యాహ్నము పని ముగించుకొని వచ్చు కార్మికులే వానికి ప్రేక్షకులు. ఎదిరిపక్షము లేనిదే ఆట లేదు, ఆట లేనిదే రాబడి లేదు. కావున టికెట్ల సొమ్ములో కొంత భాగమును, పొరుగూరినుండి వచ్చి యాడిన క్లబ్బునకు ఇచ్చు ఆచారము ఏర్పడెను. ఆటగాండ్ర జీతములకును హద్దు ఉండెడిది. 1961 నాటికి అది వారమునకు 20 పౌనులు. ఈ హద్దు క్లబ్బుల సమానత్వమునకు తోడ్పడినను ఆటగాండ్రకు అన్యాయమే. వారు సమ్మెకు సిద్ధపడగా ఆ యేట అది తొలగెను. 1983లో టికెట్ల సొమ్ము పంచు ఆచారమును నిలిచిపోయెను. 1992లో పైతరగతి యందలి 22 క్లబ్బులు వేరుపడి, టెలివిజను ప్రసారముల సొమ్ము తమకే దక్కునట్లు ప్రీమియర్ లీగును ఏర్పఱచుకొనెను. 1995లో బోస్‌మన్ అను బెల్జియము ఆటగాని వ్యాజ్యమున, ఒప్పందకాలము తీరిన ఆటగాడు పరిహారము చెల్లింపకయే వేఱొక క్లబ్బున చేరవచ్చునని ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆటగాండ్రకు స్వేచ్ఛ వచ్చెను. మేలైనవారు మిక్కిలి జీతమిచ్చు చోటనే గుమిగూడసాగిరి.

ఇట్టి సమయమున ధనికుడైన యజమాని ఏమి చేయగలడో లాంకషైరు సీమలోని బ్లాక్‌బర్న్ చరిత్ర తెలుపును. అచ్చటి రోవర్స్ క్లబ్బు లీగు స్థాపకులలో నొకటి. 1914 తరువాత అది లీగు విజేత కాలేదు. ఆ పట్టణముననే పుట్టి ఉక్కు వ్యాపారమున ధనము గడించిన జాక్ వాకర్ 1991లో దానిని తన చేతిలోనికి తీసికొని ధారాళముగ వ్యయము చేసెను. 1992లో అలన్ షియరర్ అను ఆటగానికై, బ్రిటిషు క్లబ్బుల నడుమ అంతవఱకు ఎన్నడును చెల్లింపని మూల్యము చెల్లించిరి. 1995లో, 81 ఏండ్ల తరువాత, బ్లాక్‌బర్న్ ఒక్క పాయింటు ఆధిక్యముతో విజేత యాయెను. ఊరంతయు పండుగ చేసికొనెను. కాని నాలుగేండ్లకే క్లబ్బు క్రింది తరగతికి జాఱెను.

తరువాత వచ్చిన యజమానులు మఱింత ధనవంతులు. 2003లో రష్యా ధనికుడు రోమన్ అబ్రమోవిచ్ చెల్సీ క్లబ్బును కొనగా, అది 2005లో 50 ఏండ్ల తరువాత లీగును గెలిచెను. 2008లో అబూధాబీ రాజకుటుంబీకుడు షేక్ మన్సూర్ కొనిన మాంచెస్టర్ సిటీ 2012 మొదలు 2024 వఱకు ఎనిమిదిమాఱులు గెలిచెను. 2011లో కతార్ సంస్థ చేజిక్కించుకొనిన పారిస్ క్లబ్బు, 2017లో నేమార్ అను ఒక్క ఆటగానికై 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించెను. 2013 మొదలు 2025 వఱకు 13 ఏండ్లలో ఫ్రెంచి లీగును 11 మాఱులు గెలిచెను.

"తన ధనమును తాను వెచ్చించిన తప్పేమి? పేద క్లబ్బు పైకి వచ్చుటకు వేఱు దారి యేది?" అని కొందఱడుగుదురు. ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. వాకర్ లేనిచో బ్లాక్‌బర్న్‌కు 1995 నాటి సంతోషము లేదు. కాని ఒకని యిష్టముపై నిలిచినది ఆ యిష్టముతోనే కూలును. 2010లో బ్లాక్‌బర్న్‌ను మన దేశమున పూనాలోని కోళ్లపరిశ్రమవారైన వెంకీస్ సంస్థ కొనెను. 2012లో క్లబ్బు ప్రీమియర్ లీగునుండి జాఱెను. 2017లో మూడవ తరగతికి దిగి, మఱుసటి యేట మరల నొక మెట్టెక్కెను. అంతట 2023లో యజమానులు ఇచ్చటినుండి ధనము పంపుటకు ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసివచ్చెను. ఢిల్లీలోని వ్యాజ్యమునకై లాంకషైరులోని క్లబ్బు ఎదురుచూడవలసి వచ్చుటయే ఈ పద్ధతిలోని లోపము.

దానికి చేరువనున్న బరీ పట్టణపు కథ ఇంకను శోచనీయము. 1885లో పుట్టి, 1894నుండి లీగులో నుండి, 1900లోను 1903లోను ఎఫ్.ఏ. కప్పును గెలిచిన క్లబ్బది. 2018లో అది ఒక్క పౌనుకు చేతులు మారెను. ఆటగాండ్రకు జీతములు నిలిచిపోయెను. క్లబ్బును నడుపుటకు తగిన ధనము గలదని చూపలేకపోవుటచే 2019 ఆగస్టులో దానిని లీగునుండి తొలగించిరి. తాతలనాటినుండి ఆ మైదానమునకు వచ్చుచున్న కుటుంబములు ఏ తప్పును చేయకయే దానిని పోగొట్టుకొనిరి. అభిమానులే పూనుకొని 2023లో క్లబ్బును చిన్న లీగులో మరల ఆడించిరి.

ఇక నివారణోపాయములు. ఐరోపా ఫుట్‌బాలు సంఘమగు యూఈఎఫ్ఏ, క్లబ్బులు తమ రాబడికి మించి వ్యయము చేయరాదను నిబంధనలను 2011నుండి అమలుపఱచెను. 2022లో వానిని మార్చి, ఆటగాండ్రకగు ఖర్చు రాబడిలో నూటికి 70 వంతులు మించరాదని, 2025 నాటికి ఈ హద్దునకు రావలెనని నిర్ణయించెను. ఇంగ్లండులో ఎవర్టన్ క్లబ్బు నష్టముల హద్దును దాటినందుకు 2023లో 10 పాయింట్లు తీసివేసి, అప్పీలుపై ఆ శిక్షను 6కు తగ్గించిరి. ఈ నియమములు అప్పులనుండి కాపాడునుగాని సమానత్వము నీయవు. ఏలయన, నూఱు రూపాయలవాడు డెబ్బది వెచ్చింపవచ్చును. పది రూపాయలవాడు ఏడే వెచ్చింపవలెను.

జర్మనీలో 1998నుండి, కొన్ని మినహాయింపులు దక్క, క్లబ్బునందలి ఓట్లలో సగముకంటె నెక్కువ సభ్యులచేతనే యుండవలెనను నియమము గలదు. దానివలన క్లబ్బు ఒకని సొత్తు గాకున్నది. అయినను బయర్న్ మ్యూనిక్ 2013నుండి 2023 వఱకు వరుసగా 11 మాఱులు గెలిచెను. కావున యాజమాన్యపు నియమ మొక్కటియు చాలదు.

2021 ఏప్రిలులో 12 పెద్ద క్లబ్బులు తమకు స్థిరమైన చోటుగల ప్రత్యేక లీగును స్థాపింపబూనగా, అభిమానులు వీథులకెక్కిరి. రెండుమూడు దినములలోనే ఆ యత్నము కూలెను. 2025లో బ్రిటిషు పార్లమెంటు, క్లబ్బుల యజమానులను పరీక్షించి లెక్కలను చూచుటకు స్వతంత్రాధికారిని ఏర్పఱచు చట్టమును చేసెను.

వీనినన్నిటిని కలిపి చూచినచో మూడు సంగతులు తేటపడును. వ్యయము రాబడికి లోబడవలెను. ఊరి క్లబ్బును మునిగించు అధికారము ఒక్కని చేతిలో నుండరాదు. అన్నిటికంటె ముఖ్యముగ, ఇరుపక్షములు గూడి సంపాదించిన సొమ్ములో ఇరువురకు పాలుండవలెను. మూడవదానిని 1983కు పూర్వపు పెద్దలు ఎఱిగియుండిరి. మొదటి రెండింటికొఱకు మాత్రమే నేటివారు పాటుపడుచున్నారు.

దిక్కులు మార్చుకొను నియమము గాలి తనంతట నిచ్చినది కాదు. ఎదిరివానికిని న్యాయము జరుగవలెనని తలంచిన మనుష్యులు దానిని ఏర్పఱచిరి. ధనమను గాలికిని అట్టి నియమమును మనుష్యులే ఏర్పఱపవలెను.