పాత చోక్ తీసి ఎలక్ట్రానిక్ చోక్ పెట్టాలా?

ప్రశ్న: పెబ్బేరులో మాది చిన్న ఆఫీసు. ఇరవై ట్యూబ్‌లైట్లు, అన్నీ లావు 40 వాట్లవి, అన్నింటికీ పాత బరువు చోకులే. ఎలక్ట్రానిక్ చోకులు పెడితే బిల్లు నిజంగా తగ్గుతుందా? ఏది కొనాలి?

తగ్గుతుంది. ట్యూబ్‌లైటుకు తనను తాను అదుపు చేసుకునే గుణం లేదు. లోపలి వాయువు ఒకసారి వెలిగిందంటే కరెంటును అంతకంతకూ లాగుతుంది. పట్టి ఆపకపోతే క్షణాల్లో పాడవుతుంది. ఆపే పని చోక్‌ది. పాత చోక్ అంటే ఇనుప రేకుల మీద చుట్టిన రాగి తీగ. అది పనిచేస్తూనే కాగుతుంది, ఆ వేడి కూడా మీ మీటరులో తిరిగిందే. ట్యూబు మీద 40 అని రాసి ఉన్నా, చోక్ తినేది కలిపితే 50 వాట్లు దాటుతుంది.

మనకొచ్చే కరెంటు 50 హెర్ట్జ్. ఎలక్ట్రానిక్ చోక్ దాన్ని 20 వేల హెర్ట్జ్ పైకి తీసుకెళ్తుంది. అక్కడ ట్యూబు అవే వాట్లకు దాదాపు పదో వంతు ఎక్కువ వెలుతురిస్తుంది. అందుకే సన్న 36 వాట్ల ట్యూబును 32 దగ్గరే నడిపించి, తన ఖర్చు కలుపుకున్నా 36 దాటనివ్వదు. గుయ్యిమనే మోత ఉండదు, స్టార్టర్ అక్కర్లేదు. బోర్లన్నీ ఒక్కసారి నడిచి వోల్టేజి పడిపోయే వేళ పాత ట్యూబు వెలగక సతాయిస్తుంది, ఇది వెలుగుతుంది.

లావు ట్యూబు తీసి సన్నది పెట్టి, చోక్ మారిస్తే ఒక్కోదానికి 15 వాట్లు మిగులుతాయనుకోండి. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు: 36 యూనిట్లు. ఇరవైకి 720.

ఇక కొనడం. మీ పెబ్బేరు పశువుల సంతలో ఎద్దు పళ్లు చూడనిదే ధర అడగరు. చోక్ విషయంలో మాత్రం అందరూ ముందు ధరే అడుగుతారు. ట్యూబు, చోక్ కలిపి ఎన్ని వాట్లు లాగుతాయో డబ్బా మీద చదవండి. పవర్ ఫ్యాక్టర్ 0.95కు తగ్గకూడదు. ఊరూ పేరూ లేని చౌకరకాల్లో వడపోత భాగాలే ఉండవు; అవి కరెంటును ముక్కలుముక్కలుగా లాగి న్యూట్రల్ వైరును వేడెక్కిస్తాయి, ఉరుములవాన కాలంలో ఒక్క దెబ్బకు పోతాయి. మాటిమాటికీ వేసి ఆర్పే చోట, అంటే బాత్రూముల్లాంటి చోట, ట్యూబు కొసలను ముందు వేడిచేసి వెలిగించే రకమే తీసుకోండి. లేకపోతే కొసలు త్వరగా నల్లబడతాయి.

అయితే ఇరవైకీ ఇప్పుడు చోకులు కొనమని నేను చెప్పను. ట్యూబులో పాదరసం ఉంటుంది. మినమాటా ఒప్పందంలోని దేశాలు 2023లో జెనీవాలో సమావేశమై, మామూలు వెలుతురుకు వాడే ట్యూబ్‌లైట్ల తయారీ, ఎగుమతి దిగుమతులను 2027కల్లా ఆపాలని తీర్మానించాయి. మన దేశమూ అందులో ఉంది. ట్యూబులే దొరకనప్పుడు మంచి చోక్ ఉండీ ఏం లాభం? ఇప్పటికే సన్న ట్యూబులుండి చోకులు మాత్రం పోయిన చోట ఎలక్ట్రానిక్ చోక్ వేయించండి. మిగతావి పోయినకొద్దీ 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబుకు మారండి. అప్పుడు పాత చోక్, స్టార్టర్ తీసేయించి నేరుగా వైరు కలిపించడం మేలు. కరెంటు ఏ కొసకివ్వాలో డబ్బా మీద బొమ్మ ఉంటుంది. మెయిన్ ఆపాకే పట్టీ విప్పమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.