యజమాని లేని ఏనుగు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో ఉన్న తండ్రి ఖాతాకు ఐదు వేల రూపాయలు పంపాడనుకుందాం. కంప్యూటర్ చెయ్యాల్సిన పనులు రెండు. కొడుకు ఖాతాలో ఐదు వేలు తగ్గించాలి, తండ్రి ఖాతాలో ఐదు వేలు కలపాలి. మొదటిది అయ్యాక, రెండోది మొదలయ్యేలోగా కరెంటు పోతే? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి ఉద్దానంలో ఊళ్లకు ఊళ్లే చీకట్లో మునిగాయి. అలాంటి వేళ కూడా లెక్క తప్పకూడదు. డబ్బు చేరితే పూర్తిగా చేరాలి, లేదంటే అసలు కదలనట్టే ఉండాలి.

ఈ హామీ ఇచ్చే సాఫ్ట్‌వేర్ యంత్రమే డేటాబేస్. అటువంటి వాటిలో ఒకదాని పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. వాడుకలో పోస్ట్‌గ్రెస్ అంటారు. ఏనుగు దేన్నీ మరిచిపోదంటారు కదా, దీని గుర్తు అదే. ఎవరైనా రుసుము కట్టకుండా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదవొచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని అమ్ముకోవచ్చు కూడా. దీనికి యజమాని లేడు. ఉన్నదల్లా నలభై ఏళ్ల వాదోపవాదాల చరిత్ర.

బర్క్‌లీలో పుట్టుక

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ 1970ల్లో ఇంగ్రెస్ అనే డేటాబేస్ కట్టారు. అది అంకెల్నీ పేర్లనీ బాగానే దాచేది కాని మ్యాపులు, బొమ్మల వంటి వాటి దగ్గర తడబడేది. దాని తర్వాతి తరంగా స్టోన్‌బ్రేకర్ 1986లో పోస్ట్‌గ్రెస్‌ను తలపెట్టారు. ఏ రకం సమాచారం కావాలో వాడుకునేవారే నిర్వచించుకునే వీలుండాలన్నది ఆయన మొదటి ఆలోచన. పాత సమాచారాన్ని చెరిపెయ్యకుండా, కొత్తదాన్ని పక్కన రాయాలన్నది రెండోది.

మొదటి వెర్షన్ 1989లో వచ్చింది. వాడేవారు పెరిగేకొద్దీ వాళ్ల సందేహాలు తీర్చడానికే పరిశోధకుల సమయం చాలలేదు. 1994లో 4.2 వెర్షన్‌తో విశ్వవిద్యాలయం చేతులు దులుపుకుంది. స్టోన్‌బ్రేకర్‌కు 2014 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం దక్కేనాటికి ఆయన మొదలుపెట్టిన కోడ్ వేరేవాళ్ల చేతుల్లో పెరిగి పెద్దదైంది.

ఆ చేతులు మారడమే అసలు మలుపు. ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే బర్క్‌లీ విద్యార్థులు దానికి ఎస్‌క్యూఎల్ ప్రశ్నాభాష నేర్పి, 1995లో పోస్ట్‌గ్రెస్95 పేరుతో బయటపెట్టారు. 1996 జులైలో మార్క్ ఫోర్నియర్ దానికి విశ్వవిద్యాలయం బయట ఒక సర్వర్ ఇచ్చారు. అమెరికాలో బ్రూస్ మోమ్జియన్, రష్యాలో వాదిమ్ మిఖేయెవ్ వంటివారు వచ్చి కలిశారు. ఎవరికీ జీతం లేదు. 1997 జనవరిలో 6.0 వెర్షన్‌తో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అన్న పేరు స్థిరపడింది.

లోపల ఏం జరుగుతుంది?

తండ్రి ఖాతా నిల్వ పదివేల నుంచి పదిహేను వేలకు మారిందనుకోండి. పోస్ట్‌గ్రెస్ పాత వరుసను అలాగే ఉంచి, పదిహేను వేలతో కొత్త వరుస రాస్తుంది. ఏ లావాదేవీ రాసిందో ప్రతి వరుస మీదా నంబరు ఉంటుంది. మార్పు ఖరారయ్యేలోగా ఎవరైనా నిల్వ చూస్తే వాళ్లకు పాత వరుసే కనిపిస్తుంది. కాబట్టి చదివేవాళ్ల వల్ల రాసేవాళ్లు ఆగరు, రాసేవాళ్ల వల్ల చదివేవాళ్లు ఆగరు. స్టోన్‌బ్రేకర్ రెండో ఆలోచనే పునాదిగా, మిఖేయెవ్ 1999లో 6.5 వెర్షన్‌లో ఈ ఏర్పాటు తెచ్చారు.

దీనికీ ఖర్చుంది. ఎవరికీ అక్కర్లేని పాత వరుసలు పేరుకుపోతాయి. వాటిని ఊడ్చడానికి వాక్యూమ్ అనే పని నడుస్తూనే ఉండాలి. లావాదేవీ నంబరు 32 బిట్లది, అంటే దాదాపు 400 కోట్లు దాటితే మళ్లీ మొదటికి తిరుగుతుంది. ఆలోగా పాత నంబర్లను సర్దిపెట్టేదీ ఈ ఊడ్పే. అది వెనకబడితే పెద్ద సంస్థల సర్వర్లు కూడా రాతలు తీసుకోవడం మానేస్తాయి.

మధ్యలో కరెంటు పోతే అన్న ప్రశ్నకు 2001లో 7.1 వెర్షన్ జవాబు చెప్పింది. పలాస జీడిపప్పు వ్యాపారి ముందు చిట్టాలో రాసుకుని, తీరిక దొరికాక ఆవర్జాకు ఎక్కించినట్టే, పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందు ఒక వరస చిట్టాలోకి ఎక్కిస్తుంది. అది డిస్క్ మీదికి చేరాకే 'అయింది' అంటుంది. మధ్యలో యంత్రం ఆగిపోతే, తిరిగి లేచాక చిట్టా చదువుకుని లెక్క సరిచేసుకుంటుంది.

ఇరవై ఏళ్ల నమ్మకం తప్పని తేలిన రోజు

ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం తిత్లీ వచ్చిన ఏడాదిదే. డేటాబేస్ నేరుగా డిస్క్ మీద రాయదు. రాత ముందు ఆపరేటింగ్ సిస్టమ్ జ్ఞాపకంలోకి వెళ్తుంది. దాన్ని డిస్క్‌కు చేర్చమని అడిగే ఆదేశం ఎఫ్‌సింక్. అది విఫలమైతే మళ్లీ అడిగితే సరిపోతుందని పోస్ట్‌గ్రెస్ నిర్మాతలు ఇరవై ఏళ్లుగా నమ్మారు. 2018 వసంతంలో ఆ నిర్మాతల్లో ఒకరైన క్రెయిగ్ రింగర్ ఒక చేదు నిజం బయటపెట్టారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒకసారి విఫలమయ్యాక రెండోసారి అడిగితే 'అంతా సవ్యం' అన్న జవాబు రావచ్చు. కాని పోయిన రాత పోయినట్టే!

ఒక కంపెనీ సరుకైతే గుట్టుగా మరమ్మతు జరిగి ఉండేదేమో. ఇక్కడ తప్పు మాదా, లైనక్స్‌దా అన్న వాదన అందరూ చూస్తుండగానే నడిచింది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు లైనక్స్ కెర్నల్ నిర్మాతలతో ముఖాముఖి కూర్చున్నారు. చివరికి 2019 ఫిబ్రవరిలో దిద్దుబాటు విడుదలైంది. ఎఫ్‌సింక్ విఫలమైతే ఇక మళ్లీ అడగడం లేదు. సర్వర్ తనంతట తానే పడిపోయి, చిట్టా చదువుకుని లేస్తుంది. ఆ దిద్దుబాటు అప్పటికి నిర్వహణలో ఉన్న అన్ని వెర్షన్లకూ అందింది.

రోజువారీ పని కూడా ఇలాగే సాగుతుంది. ఎవరైనా మార్పు ప్రతిపాదించవచ్చు. ప్రతిపాదించినవారు మరొకరి మార్పును పరిశీలించి పెట్టడం ఆనవాయితీ. ఏడాదికి ఐదుసార్లు, నెలేసి రోజులు ఈ పరిశీలనలకే కేటాయిస్తారు. ఏళ్ల తరబడి నలిగి ఆగిపోయిన ప్రతిపాదనలూ ఉన్నాయి.

పేరు తెచ్చుకున్న తీరు

మంచి సరుకైనంత మాత్రాన చెల్లుబాటు కాదు. 2000 ప్రాంతంలో వెబ్‌సైట్లు కట్టేవాళ్లు ఎక్కువగా మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌ను పట్టుకున్నారు. పోస్ట్‌గ్రెస్‌కు నిదానమన్న పేరుండేది. దాన్ని వ్యాపారంగా నిలబెట్టాలని అమెరికాలో 2000లో పుట్టిన గ్రేట్ బ్రిడ్జ్ కంపెనీ 2001 సెప్టెంబరులోనే మూతపడింది. అయినా కోడ్ ఆగలేదు. 2005 జనవరిలో 8.0 వెర్షన్ నేరుగా విండోస్ మీద నడవడంతో కొత్తగా నేర్చుకునేవారికి దారి తెరుచుకుంది. నోరు తిరగని పేరు మార్చుకుందామా అని కూడా పెద్ద చర్చే జరిగింది. పేరు అలాగే ఉంచి, పోస్ట్‌గ్రెస్ అన్నా తప్పులేదని తేల్చారు.

2008లో మైఎస్‌క్యూఎల్‌ను సన్ కంపెనీ సుమారు 100 కోట్ల డాలర్లకు కొంది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొంది. పోస్ట్‌గ్రెస్‌ను అలా కొనడానికి అమ్మేవాడే లేడు. 2020లో పోస్ట్‌గ్రెస్ నిర్మాతలు పనిచేసే ఒక కంపెనీ అలాంటిదే మరొకదాన్ని కొన్నప్పుడు, ప్రాజెక్టును నడిపించే ఐదుగురి కీలక బృందంలో ముగ్గురు ఒకే యాజమాన్యం కిందికి వచ్చారు. సగానికి మించి ఒకే సంస్థవారు ఉండకూడదన్నది నియమం. వెంటనే మరో ఇద్దరిని చేర్చి బృందాన్ని ఏడుగురికి పెంచారు. మూడేళ్లకు, 2023లో, స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో ప్రోగ్రామర్లు అత్యధికంగా వాడే డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ తొలిసారి మొదటి స్థానానికి వచ్చింది.

మన దాకా

సమాచార రకాల్ని వాడుకునేవారే నిర్వచించుకోవాలన్న స్టోన్‌బ్రేకర్ మొదటి ఆలోచనకు 2001లో కెనడాలో ఫలం దక్కింది. పోస్ట్‌జీఐఎస్ అనే అనుబంధం పోస్ట్‌గ్రెస్‌కు భూగోళం నేర్పింది. 'కోటబొమ్మాళికి 20 కిలోమీటర్ల లోపున్న ఊళ్లేవి?' అని దాన్ని అడగొచ్చు. ప్రపంచ ప్రజలు కలిసి గీస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2009 నుంచి పోస్ట్‌గ్రెస్ మీదే నడుస్తోంది. టెక్కలి రోడ్డునో, వజ్రపుకొత్తూరు తీరంలోని ఊరినో అందులో ఎవరైనా గుర్తిస్తే, ఆ గీత చేరేది ఈ ఏనుగు జ్ఞాపకంలోకే.

దీన్ని మెరుగుపరిచినవారిలో తెలుగు పేర్లూ ఉన్నాయి. ఏ వాడుకరిని ఏ దారిలో లోపలికి రానివ్వాలో చెప్పే నియమాల్ని పట్టికగా చూపే సదుపాయం 2017లో 10వ వెర్షన్‌లో వచ్చింది. విడుదల పత్రంలో దాని పక్కనున్న పేరు హరిబాబు కొమ్మి. చిట్టాలో ఏముందో ఎస్‌క్యూఎల్‌తోనే తరచి చూసే అనుబంధం 2022లో 15వ వెర్షన్‌లో వచ్చింది. దాని పక్కన భరత్ రూపిరెడ్డి పేరుంది.

తెలుగులో సమాచారం దాచేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన కంటికి 'కోటబొమ్మాళి' ఐదక్షరాలే. గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా లెక్కపెట్టే యూనికోడ్‌కు అది 11 గుర్తులు, యూటీఎఫ్-8లో 33 బైట్లు. ఊరి పేరుకు పది గుర్తుల గడి చాలనుకుని పట్టిక కడితే పోస్ట్‌గ్రెస్ ఈ ఊరిని తీసుకోదు. ఇంగ్లిషు పేర్లతో మాత్రమే పరీక్షించిన అప్లికేషన్లు తెలుగు దగ్గర బోర్లా పడేది ఇలాంటి చోటే.

టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో ఇంజనీరింగ్ చదువుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. పెద్ద కంపెనీల కోడ్ చూడాలంటే ముందు ఉద్యోగం రావాలి. పోస్ట్‌గ్రెస్‌కు ఆ షరతు లేదు. ఇవాళే దించుకోండి. మీ ఊరి పేర్లు తెలుగులో ఎక్కించి, వెతికి, అకారాది క్రమంలో పేర్చి చూడండి. తప్పు దొరికితే నిర్మాతలకు రాయండి, ఇంకొకరి మార్పును పరీక్షించి పెట్టండి. దాని సందేశాల్ని ఫ్రెంచి, జపనీస్, రష్యన్ భాషల్లోకి మార్చినవాళ్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లే. తెలుగుకు ఆ పని మీరు చెయ్యవచ్చు.