నిద్ర మానుకుని కంప్యూటర్ చదువా?

పిల్లలు పడుకున్నారు. రేపటి ఇడ్లీపిండి రుబ్బి మూతపెట్టారు. రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తెరిచి పైథాన్ పాఠం ముందు కూర్చున్నారు. పది నిమిషాల్లో కళ్ళు మూతలు పడుతున్నాయి. నిన్న అర్థమైన ‘లూప్’ ఇవాళ అర్థం కావడం లేదు. "ఈ వయసులో నాకెందుకొచ్చిన చదువు? నాకంత బుర్ర లేదు" అని మూసేస్తున్నారు కదూ?

లోపం మీ బుర్రలో లేదు. మీరు ఎంచుకున్న వేళలో ఉంది.

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. మగవారు 88 నిమిషాలు. పిల్లల్నీ, పెద్దల్నీ చూసుకోవడం దీనికి అదనం! ఇంత చాకిరీ అయ్యాక కొత్త విద్య ఎలా ఎక్కుతుంది చెప్పండి?

విపరీతమైన అలసట, చేసే పనిమీద విసుగు, ‘నావల్ల కాదు’ అన్న భావన - ఈ మూడింటినీ ‘బర్నవుట్’ లక్షణాలుగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. అది చెప్పింది ఉద్యోగాల గురించే. అయినా ఇంటిపనీ, చదువూ కలిపి మోసే ఇల్లాలికి ఇవి తెలియనివా?

పెడనలో కలంకారీ అద్దేవారిని చూడండి. కరక్కాయ నీళ్ళలో ముంచిన బట్ట ఆరాకే అచ్చు వేస్తారు. ఆరబెట్టడం కూడా పనిలో భాగమే. చదువుకు నిద్ర అలాంటిది. పగలు నేర్చుకున్నది మనసులో కుదురుకోవడానికి నిద్ర తోడ్పడుతుంది.

మరి ఏం చేయాలి?

* రోజుకు అరగంట చాలు. బందరులో ఉన్నవారికి పిల్లలు బడికెళ్ళాక కుదరవచ్చు. గుడివాడలో దుకాణానికి క్యారేజీ పంపాక కుదరవచ్చు. మీ ఇంటికి కుదిరిన వేళే మీకు మంచి వేళ.

* దివిసీమ పల్లెల్లో సార్వా నాట్లు, కోతల రోజుల్లో ఊపిరి సలపదు. ఆ వారాల్లో కొత్త పాఠం వద్దు. పాతది పది నిమిషాలు తిరగేస్తే చాలు.

* మధ్యలో పాలవాడు పిలిచినా ఫరవాలేదు. లేచేముందు ‘తర్వాత చేయవలసింది ఇది’ అని నోటుబుక్కులో ఒక్క ముక్క రాసుకోండి.

* ప్రోగ్రాంలో తప్పు పావుగంటలో దొరక్కపోతే వదిలేయండి. మర్నాడు చూస్తే కంటికి ఆనుతుంది.

* వారానికొక రోజు సెలవు తీసుకోండి.

ఐఐటీ బొంబాయి వారి ‘స్పోకెన్ ట్యుటోరియల్’ పాఠాలు ఉచితం. ఒక్కొక్కటి సుమారు పది నిమిషాలే, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. డబ్బు కట్టి చేరేటట్లయితే, తప్పిపోయిన క్లాసు మళ్ళీ చెబుతారో లేదో ముందే అడగండి.

అన్నిటికంటే ముఖ్యం, ఆ అరగంట మీ నిద్రలోంచి కాదు, ఇంటిపనిలోంచి రావాలి. గిన్నెలు మీవారు కడగవచ్చు. బట్టలు పిల్లలు మడత పెట్టవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. వారాల తరబడి నీరసం వదలకపోతే డాక్టరుకు చూపించుకోండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది.

ఇవాళ మాత్రం లాప్‌టాప్ మూసి హాయిగా పడుకోండి. రేపు పగలు అదే పాఠం తెరిచి చూడండి. మీ బుర్ర ఎంత చురుకైనదో మీకే తెలుస్తుంది!