గెలుపు భీముడిది... పేరు కీచకుడిది!

'నర్తనశాల' (1963) చూశారుగా? అందులో భీముడెవరో చెప్పుకోండి చూద్దాం! రామారావు బృహన్నల, సావిత్రి సైరంధ్రి, రంగారావు కీచకుడు... ఇవన్నీ ఠక్కున చెప్పేస్తారు. భీముడి దగ్గరకొచ్చేసరికి నీళ్లు నములుతారు. ఆయనే దండమూడి రాజగోపాల్!

మేకప్ భీముడు కాదండోయ్! కృష్ణా జిల్లా గండిగుంట కన్న వెయిట్ లిఫ్టర్. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో కాంస్య పతకం గెలుచుకున్నారు. ఆ రోజుల్లో ప్రెస్, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్... మూడు రకాలుగానూ ఎత్తి చూపాలి. సినిమాల్లో ఎన్ని రీటేకులైనా ఉంటాయి. అక్కడ ఒక్కో రకానికీ మూడే అవకాశాలు! మూడూ తప్పాయా, ఏళ్ల తరబడి చేసిన సాధన గోవిందా!

తెరమీద కీచకుణ్ణి చంపింది ఈయన. కానీ, 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నది కీచకుడు రంగారావు! తప్పేముంది? అది నటనకి దక్కిన గౌరవం. మరి కండబలానికి? విజయవాడలో ఇండోర్ స్టేడియానికి దండమూడి పేరే పెట్టారు.

ఈసారి 'నర్తనశాల' చూసేటప్పుడు కీచకుణ్ణి కాస్సేపు వదిలేసి, భీముడి భుజాలు చూడండి. అవి దూది కుక్కినవి కావు, ఇనుము మోసినవి!